పదకొండో నిబంధన

రిటైరయిన తొమ్మిదేళ్ళకు, ఒక సోమవారం పొద్దున, పెద్దమేడమ్ మళ్ళీ ఆఫీసుకు వచ్చింది. ఉద్యోగం చేసిన రోజుల్లో వచ్చే వేళకే, ఎనిమిదింబావుకు వచ్చింది. చేతిసంచిని బల్లకు ఎడమపక్కన పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, డైరెక్టరు కుర్చీలో కూర్చుంది.

ఆ కుర్చీ ఇప్పుడు చిన్నమేడమ్‌ది. చిన్నమేడమ్‌కు యాభై ఏడేళ్ళు. జుట్టు సగానికి పైగా నెరిసింది, మెట్లెక్కితే మోకాళ్ళు పట్టేస్తాయి. అయినా ఆ భవనంలో అందరికీ ఆమె చిన్నమేడమే. ముప్ఫై ఏళ్ళ కిందట మూడు నెలల టెంపరరీ క్లర్కుగా చేరినప్పుడు, ఒక మేడమ్ ఉండగానే ఇంకో మేడమ్ వచ్చిందేమిటని వంటావిడ పెట్టిన పేరది. తర్వాత అసిస్టెంటయింది, డైరెక్టరయింది, పేరు మాత్రం మారలేదు. ప్రమోషన్లు వచ్చాయి గాని నీకింకా వయసు రాలేదని ఆమె భర్త ఏడిపిస్తుంటాడు.

బయట బోర్డు మీద ఉన్న పేరు చాలా పొడుగు: పురపాలక సంఘం, వయోవృద్ధుల సేవా విభాగం. పని మాత్రం చెప్పుకోవడానికి తేలిక. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ ఇళ్ళకు మధ్యాహ్నం భోజనం డబ్బాలు పంపుతారు. ఆస్పత్రికి వెళ్ళాల్సినవాళ్ళను వ్యాన్లో తీసుకెళ్ళి తీసుకొస్తారు. ఇంట్లో పొద్దు గడవనివాళ్ళ కోసం కింద పెద్ద హాల్లో పగటి కేంద్రం నడుపుతారు. వాళ్ళు తొమ్మిదింటికి వచ్చి పేపరు చదువుకుని, పేకాడుకుని, పోట్లాడుకుని, నాలుగింటికి ఇళ్ళకు వెళ్తారు. ఇదంతా పెద్దమేడమ్ చేతిమీదుగా పెరిగింది. లైబ్రరీ వెనక విరిగిన కుర్చీలు పడేసే గదిలో ఒక ఫోనూ ఒక సైకిలూ పెట్టుకుని మొదలుపెట్టింది. రిటైరయ్యేనాటికి సొంత భవనం, రెండు వ్యాన్లు, ఇరవై మంది సిబ్బంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే తీరిక లేదనేది, అదీ నవ్వకుండా.

అరగంట తర్వాత వచ్చిన చిన్నమేడమ్ తలుపు దగ్గరే ఆగిపోయింది. ఆశ్చర్యమూ కలిగింది, సంతోషమూ కలిగింది. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టుండాలి, కొత్తవాళ్ళ పనిలో వేలు పెట్టకూడదు అన్న పట్టుదలతో పెద్దమేడమ్ ఈ తొమ్మిదేళ్ళలో ఆ గుమ్మం తొక్కింది రెండేసార్లు.

పెద్దమేడమ్ కుశలప్రశ్నల జోలికి పోకుండా ఆ రోజు భోజనాల లిస్టు అడిగింది. చిన్నమేడమ్ ఇచ్చి, ఎదుటి కుర్చీలో కూర్చుంది. ఆవిడ ఒక్కొక్క అడ్రసు మీదా వేలు ఆనించుకుంటూ చదివి, ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్ళు రెండు వ్యాన్లకు ఎందుకు పడ్డాయని అడిగింది. నిజమే. ఏడు నెలలుగా అలాగే నడుస్తోంది, ఎవరి కంటా పడలేదు. చిన్నమేడమ్ పెన్ను తీసి దిద్దింది. మనిషి ఇసుమంత కూడా మారలేదనుకుంది.

ఇద్దరూ టీ తాగారు. పెద్దమేడమ్ కప్పు కింద పెట్టి, ఆ రోజు భోజనాల లిస్టు అడిగింది.

చిన్నమేడమ్ మళ్ళీ ఇచ్చింది. ఆవిడ మళ్ళీ వేలు ఆనించుకుంటూ చదివింది. అదే వీధి దగ్గర ఆగి, ఎదురెదురు ఇళ్ళు రెండు వ్యాన్లకు ఎందుకు పడ్డాయని అవే మాటలతో అడిగింది. పక్కనే దిద్దిన చోట ఇంకు ఇంకా పూర్తిగా ఆరలేదు.

ముప్ఫై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్న మనిషికి ఇంకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇలాంటివాళ్ళ పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టుకుని, గొంతు తగ్గించి, చేతిలో ఒక కాగితం పెట్టి, ఇదొక జబ్బు, మీ తప్పేమీ లేదు అని ఆమె కొన్ని వందలసార్లు చెప్పి ఉంటుంది. ఆ కాగితాలు బల్ల సొరుగులో ఉన్నాయి. సొరుగు పెద్దమేడమ్ మోకాలి దగ్గర ఉంది.

ఆఫీసునుంచి పెద్దమేడమ్ మేనకోడలికి ఫోను చేశారు. తమ్ముడి కూతురు, రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది, చదువుకునే రోజులనుంచీ మేనత్త దగ్గరే ఉంటోంది. తెల్లకోటు విప్పకుండానే ఆటోలో వచ్చేసింది. వరండాలో నిలబడి చెప్పింది: డాక్టరు చెప్పి అయిదు నెలలయింది. పొద్దున ఎనిమిదికి తను వెళ్తే మళ్ళీ సాయంత్రం ఆరు. గ్యాసు కట్టేసి వెళ్తోంది. మధ్యాహ్నం పైవాటాలో ఆవిడ ఒకసారి తొంగిచూస్తుంది. మొన్న అత్తయ్య తమ తాళం తీసుకెళ్ళి పక్కింటి గేటుకు వేసి, తాళంచెవి ఎక్కడో పెట్టేసింది. పక్కింటాయన గోడ దూకి ఉద్యోగానికి వెళ్ళాడు.

"ముందే చెప్పాల్సింది కదమ్మా," అంది చిన్నమేడమ్.

"మీకు మాత్రం చెప్పొద్దంది. ఊరందరికీ తెలిసినా ఫర్వాలేదు, ఆఫీసులో తెలిస్తే నా మొహం చూడనంది."

రేపటినుంచి ఇక్కడికే పంపించు, వ్యాను వస్తుందని చిన్నమేడమ్ చెప్పింది. నోటినుంచి మాట వచ్చేశాక గాని పదకొండో నిబంధన గుర్తు రాలేదు.

పగటి కేంద్రంలో చేరాలంటే సభ్యత్వ ఫారం నింపాలి. దాని వెనకవైపు పన్నెండు నిబంధనలు ఉంటాయి. పదకొండోది ఇది: 'సభ్యులు పేరు పెట్టి పిలిచినచో పలుకుచు, ఇతరుల సహాయము లేకుండ స్నానపుగదికి పోయి తిరిగి తమ స్థానమునకు రాగలిగినవారై యుండవలెను.' పెద్దమేడమ్ స్వయంగా రాసింది. మరుపు జబ్బు ఉన్నవాళ్ళను రానివ్వకూడదని ఎక్కడా ఉండదు. అక్కర్లేదు, ఆ ఒక్క వాక్యం చాలు.

ఆ వాక్యం మీదే వాళ్ళిద్దరికీ జీవితంలో ఒకే ఒక్క పెద్ద గొడవ జరిగింది. పద్ధెనిమిదేళ్ళ కిందటి మాట. రిటైరయిన పోస్టుమాస్టరు ఒకాయన కేంద్రానికి వచ్చేవాడు. నెమ్మదస్తుడు, ఎవరితోనూ పేచీ లేదు. బాత్‌రూముకని లేచి వీధిలో తేలేవాడు. మూడోసారి అలా జరిగాక పెద్దమేడమ్ ఆయన కార్డు రద్దు చేసింది. కూతురికి ఉద్యోగం మానే వీలు లేదు, తండ్రిని ఇంట్లో పెట్టి తాళం వేసి వెళ్ళింది. నాలుగో రోజున ఆయన వంటింటి కిటికీలోంచి దిగబోయాడు. తుంటి విరిగింది. మూడు వారాలు ఆస్పత్రిలో ఉండి చనిపోయాడు.

అప్పటికి చిన్నమేడమ్ అసిస్టెంటు. అంతవరకూ పెద్దమేడమ్ ముందు గొంతెత్తి ఎరగదు. ఆ రోజు ఎత్తింది. ఈ రూలు మనం రాసుకున్నదే గదా, మనమే కొట్టేద్దామంది. పెద్దమేడమ్ కుర్చీలోంచి లేవకుండా సమాధానం చెప్పింది: ఇలాంటివాళ్ళ కోసం విడిగా ఒక గదీ ఇద్దరు మనుషులూ ఇమ్మని పురపాలక సంఘం కమిటీని రెండుసార్లు అడిగాననీ, రెండుసార్లూ లేదన్నారనీ, ఉన్న నలుగురితో అరవై మందిని చూస్తూ వీధుల్లో వెతుక్కోవడం తనవల్ల కాదనీ. అక్కడితో ఆ ఫైలు మూతపడింది. నెలరోజులు ఇద్దరూ కాగితాల మీద తప్ప మాట్లాడుకోలేదు. తర్వాత ఎప్పటిలాగే సర్దుకున్నారు.

తను డైరెక్టరయ్యాక చిన్నమేడమ్ ఆ నిబంధన ఎందుకు తీసెయ్యలేదంటే చెప్పుకోదగ్గ కారణమేమీ లేదు. అడిగి లేదనిపించుకున్న పని మళ్ళీ అడగడమెందుకనుకుంది. ఒక ఏడు వ్యాను ఇంజను పోయింది, ఒక ఏడు వంటగది కప్పు కారింది. వెనక్కి పంపించడాలన్నీ ముందుగదిలో క్లర్కు దగ్గరే తెమిలిపోయేవి. ఆమె దాకా వచ్చేవి కావు. రానిదాని గురించి ఎవరూ ఒంటికాలి మీద లేవరు.

మర్నాటినుంచి పెద్దమేడమ్ వ్యాన్లో రావడం మొదలుపెట్టింది. సభ్యత్వ ఫారం నింపలేదు. ఆవిడను సభ్యురాలనలేదు, సలహాదారన్నారు. ఆఫీసు గదిలోనే కిటికీ పక్కన బల్ల వేశారు. పోయిన నెల భోజనాల లిస్టులు తీసి, తారీకు ఉన్న మూల చింపేసి, సరిచూడమని ఇచ్చేవారు. ఆవిడ పొద్దంతా సరిచూసేది. తప్పులు పట్టుకునేది కూడా. బాత్‌రూముకు లేస్తే వంటావిడ ఏదో పని ఉన్నట్టు వెనకే వెళ్ళేది. ఒకరోజు వ్యాను డ్రైవరు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చాడని ఆవిడ మెమో రాసిచ్చింది. పాతికేళ్ళ సర్వీసున్న డ్రైవరు దాన్ని రెండు చేతులా అందుకుని, సంతకం పెట్టి, ఇంటికి తీసుకెళ్ళాడు. ఆవిడ బండెక్కితే తనంతట తానే నడుము నిటారుగా పెట్టుకుంటున్నానని అందరితో చెప్పి నవ్వించాడు. సిబ్బందికి ఈ ఏర్పాటు నచ్చింది. చిన్నమేడమ్‌కూ నచ్చింది. మేనకోడలి ముఖం తేటపడింది.

మూడు వారాలు అలా గడిచాయి.

నాలుగో వారం ఒక వడ్రంగి మేస్త్రిని వాళ్ళావిడ వెంటబెట్టుకుని వచ్చింది. డెబ్భై రెండేళ్ళ మనిషి, ఇంకా భుజాలు బలంగానే ఉన్నాయి. ముందుగదిలో ఫారం నింపుతుంటే ఆయన లేచి, తలుపు బందులు ఊడాయేమోనని వేళ్ళతో తడిమి చూస్తున్నాడు. క్లర్కు పేరు పెట్టి పిలిచాడు. పలకలేదు. క్లర్కు ఫారం తిప్పి, పదకొండో నిబంధన చదివి వినిపించి, చేర్చుకోవడానికి వీల్లేదని మర్యాదగానే చెప్పాడు. ఆమె బట్టల మిల్లులో కుట్టుపని చేస్తుంది, సెలవులన్నీ అయిపోయాయి. అదేదో పైవాళ్ళతోనే మాట్లాడతానని మేడెక్కి ఆఫీసు గదిలోకి వచ్చేసింది, భర్త చెయ్యి పట్టుకుని.

సరిగ్గా అప్పుడే పెద్దమేడమ్ బాత్‌రూమునుంచి తిరిగొచ్చి, తన బల్ల దగ్గరికి కాకుండా బీరువా దగ్గరికి వెళ్ళి నిలబడింది. వంటావిడ భుజం పట్టుకుని తిప్పి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. వడ్రంగి భార్య అదంతా చూసింది. రోజూ ఇంట్లో తను చేసే పని అదే గనక, రెండోసారి చూడాల్సిన అవసరం లేకపోయింది.

"ఆవిడకో లెక్క, మా ఆయనకో లెక్కా అండీ?" అంది. గొంతు పెంచలేదు.

చిన్నమేడమ్ నీళ్ళు నమిలింది. ఆవిడ ఇక్కడ పనిచేసి రిటైరయ్యారని అంది. మా ఆయన ఈ ఊళ్ళో సగం ఇళ్ళకు తలుపులు చేసి రిటైరయ్యాడు అంది ఆవిడ. భార్యాభర్తలు మెట్లు దిగి వెళ్ళిపోయారు. కిటికీ పక్కన పెద్దమేడమ్ తలెత్తకుండా లిస్టు సరిచూస్తూనే ఉంది.

ఆ సాయంత్రం చిన్నమేడమ్ వ్యాన్లోనే పెద్దమేడమ్ వెంట వాళ్ళింటికి వెళ్ళింది. ఏం మాట్లాడాలో అనుకుని వెళ్ళలేదు. మేనకోడలు ఇంకా రాలేదు. రెండు గదుల వాటా, పుస్తకాలన్నీ ఎత్తుల వరసలో సర్ది ఉన్నాయి. అల్మరా తలుపులకు కొత్తగా చీటీలు అంటించి ఉన్నాయి: బట్టలు, మందులు, ఇది తెరవకు. అన్నీ పెద్దమేడమ్ సొంత దస్తూరీయే.

పెద్దమేడమ్ కుర్చీ చూపించి, తనే ముందు మాట్లాడింది.

"నువ్విచ్చే లిస్టులు పోయిన నెలవి. మూల చింపేస్తే తెలీదనుకున్నావా? నెల తిరక్కుండా చనిపోయినవాళ్ళ పేర్లు రెండున్నాయి అందులో. వాళ్ళ సంతాపం కాగితం మీ నోటీసుబోర్డు మీదే ఉంది."

చిన్నమేడమ్‌కు తల కొట్టేసినట్టయింది. క్షమించమంది. పొద్దున వడ్రంగి భార్య వచ్చి అన్న మాట కూడా దాచకుండా చెప్పింది.

"సరిగ్గా అంది," అంది పెద్దమేడమ్. "నన్ను పంపించెయ్. రూలు రూలే."

"ఆ రూలు తప్పని నేనప్పుడే చెప్పాను మేడమ్. గది ఇవ్వనిది వాళ్ళు. మీరు రెండుసార్లు అడిగారు."

పెద్దమేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చుంది. మర్చిపోయిందేమోనని చిన్నమేడమ్ అనుకుంది. అంతలో ఆవిడ అంది:

"నేనడగలేదమ్మాయ్. ఒక్కసారి కూడా అడగలేదు. ఆ ఏడాది మన విభాగమే ఎత్తేద్దామని కమిటీలో అనుకుంటున్నారని నా చెవిన పడింది. ఇంకో గది అడిగితే ఉన్న హాలు కూడా పోతుందని భయపడ్డాను. నీ నోరు మూయించడానికి అడిగానన్నాను. ఆ పోస్టుమాస్టరు కూతురితోనూ అదే చెప్పాను."

చిన్నమేడమ్‌కు కోపం రావాల్సింది. పద్ధెనిమిదేళ్ళుగా ముక్కూ మొహం తెలియని కమిటీ సభ్యులను తిట్టుకుంది ఆమె. కాని ఆ వేళ ఆ గదిలో, ఆ చీటీల మధ్య, కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. తనూ తొమ్మిదేళ్ళుగా అడగలేదు గదా అన్నది మాత్రం తెలిసింది.

ఇప్పుడు నేనడుగుతాను అంది. పెద్దమేడమ్ తనూ వస్తానంది. "నేనడగనిది నా ఎదురుగా అడుగు. నాకు గుర్తుంటుందో లేదో, నువ్వయితే చూస్తావు గదా."

కమిటీ సమావేశం పద్ధెనిమిది రోజుల తర్వాత, పొద్దున పదకొండింటికి. ఈ లోపల చిన్నమేడమ్ ముందుగది రిజిస్టరు తీసి, గడిచిన రెండేళ్ళలో పదకొండో నిబంధన కింద ఎంతమందిని పంపించేశారో చూసింది. ముప్ఫై ఒక్కరు. రోజుకు ఇద్దరు ముగ్గురి చొప్పున ఆ ఇళ్ళన్నిటికీ తనే వెళ్ళింది. కొన్ని ఇళ్ళలో మనిషి పోయాడు. కొన్నిచోట్ల కోడలో కూతురో ఉద్యోగం మానేసి కూర్చుంది. ఒక ఇంట్లో తల్లి నడుముకు మెత్తటి గుడ్డ చుట్టి మంచానికి కట్టి వెళ్తున్నారు. ఆ సంగతి చెప్పిన కొడుకు, చిన్నమేడమ్ కాగితం మీద రాసుకుంటుంటే, రాయొద్దని బతిమాలాడు. రాయలేదు.

సమావేశం రోజున వడ్రంగి భార్య సెలవు పెట్టి వచ్చింది. పెద్దమేడమ్‌ను మేనకోడలు తీసుకొచ్చింది. ఇస్త్రీ బట్టలు, తీరుగా దువ్విన తల, పక్కన చేతిసంచి. చూసినవాళ్ళెవరూ జబ్బుమనిషి అనుకోరు. కమిటీలో అయిదుగురు, అధ్యక్షుడికి మందుల షాపు ఉంది. చిన్నమేడమ్ ముప్ఫై ఒక్క ఇళ్ళ సంగతులు చెప్పి, ఒక గదీ ఇద్దరు మనుషులూ కావాలంది. వడ్రంగి భార్య రెండే ముక్కలు మాట్లాడింది: మా ఆయనకు జబ్బు చేసింది, మాకు చెయ్యలేదు గనక మేం పనికి పోవాలి. అధ్యక్షుడు తలాడించి, సానుభూతి ఉంది గాని సిబ్బంది విషయం కష్టమన్నాడు. ఏదైనా వచ్చే ఏడు చూద్దామన్నాడు.

అప్పుడు పెద్దమేడమ్ లేచింది.

"గౌరవనీయ సభ్యులకు నమస్కారం," అంది. ఆ గొంతు విని చిన్నమేడమ్‌కు పాత రోజులు గుర్తొచ్చాయి. "మా దగ్గర నలుగురున్నారు. అరవై మంది వస్తారు. ఒకరు వీధిలోకి వెళ్తే ఒకరు వెనక పరిగెత్తాలి. అప్పుడు మిగిలిన యాభై తొమ్మిది మందిని ముగ్గురు చూడాలి. ఇలాంటివాళ్ళను చేర్చుకోవడం మావల్ల కాదు. నాకు గది అక్కర్లేదు. ఉన్న హాలు ఉంచండి చాలు."

అధ్యక్షుడు ఆసక్తిగా ముందుకు వంగాడు. విభాగం పెట్టిన మనిషే వద్దంటోందంటే వినాల్సిందేనన్నట్టు పక్కాయన వైపు చూశాడు. పెద్దమేడమ్ కూర్చుని, గ్లాసులో నీళ్ళు తాగి, మళ్ళీ లేచింది.

"గౌరవనీయ సభ్యులకు నమస్కారం. మా దగ్గర నలుగురున్నారు. అరవై మంది వస్తారు..."

అక్షరం పొల్లు పోకుండా మళ్ళీ చెప్పింది. యాభై తొమ్మిది మంది అన్నచోట మొదటిసారి లాగానే వేలెత్తింది. మూడోసారి లేవబోతుంటే మేనకోడలు చెయ్యి పట్టుకుని మెల్లగా కూర్చోబెట్టింది. అధ్యక్షుడు ఎదురుగా ఉన్న ఫైల్లోకి తల దించేసుకున్నాడు. ఆయన తండ్రికి చాలా ఏళ్ళు భోజనం డబ్బా వెళ్ళింది, పెద్దమేడమ్ చేతిమీదుగానే.

గది ఇచ్చారు. వంటగది పక్కన స్టేషనరీ పెట్టుకునే గది, ఆరు నెలల కోసం, ఎనిమిది మందికి మించకూడదు. మనుషులు ఇద్దరు కాదు, ఒక్కరే.

తిరిగొచ్చేటప్పుడు వ్యాన్లో పెద్దమేడమ్, కమిటీవాళ్ళు ఏమన్నారని అడిగింది. చిన్నమేడమ్ చెప్పింది.

"ఒక్క మనిషితో ఎలా కుదురుతుంది? ఒకళ్ళను బాత్‌రూముకు తీసుకెళ్తే గదిలో ఎవరుంటారు? వెనక్కెళ్ళి అడుగు," అంది ఆవిడ. తను ఏం మాట్లాడిందో ఆవిడకు తెలియదు. ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం చిన్నమేడమ్ భర్తకు జరిగిందంతా చెప్పింది. ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరు, అన్నిటికీ ముందూ వెనకా చూసే మనిషి. ఆవిడ అలా మాట్లాడుతుందని తెలిసే తీసుకెళ్ళావా అని అడిగాడు. తెలీదంది. నిజంగా తెలీదా, తెలుసుకోదలుచుకోలేదా అన్నాడు. ఆమె కంచాలు తీసేసింది. ఆవిడను తీసుకెళ్ళకపోతే గది వచ్చేది కాదన్నది మాత్రం ఆమెకు ఖాయంగా తెలుసు. అలా తెలిసి ఉండటం ఆమెకు నచ్చలేదు.

ఫారాలు కొత్తగా అచ్చు వేయించారు. పన్నెండు నిబంధనలు పదకొండయ్యాయి. కొత్త గదికి ఆస్పత్రిలో పనిచేసి మానేసిన ఒక నర్సును పెట్టారు. వడ్రంగి మేస్త్రి మొదటి రోజే వచ్చాడు. ఆయన చేతికి ఉప్పుకాగితమూ చెక్కముక్కా ఇస్తే నాలుగింటిదాకా తిండి ధ్యాస లేకుండా రుద్దాడు.

పెద్దమేడమ్ మాత్రం ఆ గదిలోకి రానంది. ఇది సభ్యుల గది, తను ఆఫీసు మనిషి. ఇక ఆవిడకు దొంగ లిస్టులు ఇవ్వకూడదని, ఉన్న నిజమే చెప్పాలని చిన్నమేడమ్ ఒట్టు పెట్టుకుంది. అందుకని గుమ్మం దగ్గర నిలబడి, మీరు రిటైరయ్యారు మేడమ్, మీకు మరుపు జబ్బు చేసింది, మీరిప్పుడు సభ్యులు అని చెప్పింది. పెద్దమేడమ్ ముఖం పాలిపోయింది. తల వంచుకుని లోపలికి వెళ్ళింది. మర్నాటికి అదంతా మర్చిపోయింది. మర్నాడు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఆవిడ ప్రతిరోజూ ఆ మాట కొత్తగా విని, ప్రతిరోజూ కొత్తగా నొచ్చుకునేది.

తొమ్మిదో రోజున నర్సు చిన్నమేడమ్‌ను పక్కకు పిలిచింది. "మీరు చెప్పే ఈ నిజం ఆవిడ కోసమా, మీ కోసమా మేడమ్?" అని అడిగింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషి అలా అడగడం చిన్నమేడమ్‌కు కష్టంగానే తోచింది. అయినా ఆలోచించింది. పదో రోజునుంచి అబద్ధమూ చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. "రండి మేడమ్, లోపల టీ పెట్టారు," అనేది. పెద్దమేడమ్ టీ కోసం లోపలికి వెళ్ళేది.

ఆరు నెలలు పద్నాలుగు నెలలయ్యాయి. గది తీసేస్తామని ఎవరూ అనలేదు. రెండో మనిషిని ఇమ్మని చిన్నమేడమ్ మూడుసార్లు అడిగింది, ఒంటరిగానే వెళ్ళి. మూడుసార్లూ లేదన్నారు. గది బయట వెయిటింగ్ లిస్టులో పదకొండు మంది చేరారు. నర్సుకు నడుంనొప్పి మొదలయింది. ఆవిడ బాత్‌రూముకు ఎవరినైనా తీసుకెళ్తే వంటావిడ గరిటెతో సహా వచ్చి గుమ్మంలో నిలబడేది. పెద్దమేడమ్‌కు మాటలు తగ్గిపోయాయి. అన్నం కలిపి పెడితే తినేది, ఎక్కువ భాగం కిటికీలోంచి వ్యాన్ల వైపు చూస్తూ కూర్చునేది.

ఒక మధ్యాహ్నం చిన్నమేడమ్ వెళ్ళి పక్కన కూర్చుంటే, ఆవిడ తిరిగి చూసి, మీరెవరండీ అని అడిగింది. అన్నేళ్ళలో ఆవిడ ఆమెను మీరు అనడం అదే మొదటిసారి.

"ఇక్కడే పనిచేస్తానండీ."

"ఎన్నాళ్ళనుంచి?"

"ముప్ఫై ఒక్కేళ్ళయింది."

"అయితే పని వచ్చే ఉంటుంది మీకు," అంది పెద్దమేడమ్, మళ్ళీ కిటికీ వైపు తిరిగి.

ఆ చలికాలం ఆవిడకు జ్వరం వచ్చి, ఊపిరితిత్తుల్లోకి దిగి, ఆస్పత్రిలో అయిదు రోజులుండి చనిపోయింది. కేంద్రానికి ఒకరోజు సెలవిద్దామని సిబ్బంది అన్నారు. సెలవిస్తే మిగిలిన ఏడుగురు ఎక్కడికి పోతారని మేనకోడలే వద్దంది. భోజనం డబ్బాలు వేళకే వెళ్ళాయి.

వేసవి మొదట్లో చిన్నమేడమ్ నాలుగోసారి కమిటీకి వెళ్ళింది. వాదించడానికి కొత్త మాటలేవీ లేవు, పాతవే మళ్ళీ చెప్పింది. ఈసారి రెండో మనిషిని ఇచ్చారు, గదిలో ఇంకో అయిదుగురిని చేర్చుకోవచ్చన్నారు. ఆఫీసుకు వచ్చి వెయిటింగ్ లిస్టు ముందేసుకుని తనే ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. మొదటి నంబరు ఎవరూ ఎత్తలేదు. అరగంట ఆగి మళ్ళీ చేసింది. ఒకావిడ రొప్పుకుంటూ పలికింది. మామగారు స్నానానికి మొండికేస్తున్నారని, కాస్త తర్వాత చేయమని అంది. చిన్నమేడమ్ తను ఎక్కడినుంచి మాట్లాడుతోందో చెప్పింది. గదిలో చోటు దొరికిందంది.

"రేపటినుంచి తీసుకురావచ్చా అండీ?"

"మీరు తీసుకురానక్కర్లేదమ్మా," అంది చిన్నమేడమ్. "తొమ్మిదింటికి వ్యాను వస్తుంది. ఒక జత బట్టలు సంచీలో పెట్టి ఉంచండి."

పెట్టేసి, రెండో నంబరు నొక్కింది.